గ్వాలియర్‌కు నా గుండెతో సహా

నా గుండెకు సిగ్గూ శరం లేదు. చోటు చూడదు, సమయం చూడదు. ఒకసారి తార్నాక చౌరస్తాలో రోడ్డు దాటుతుంటే మొదలుపెట్టింది. ఒకసారి మరిది కూతురి పెళ్ళిలో, సరిగ్గా తలంబ్రాల వేళకు. ఇంకోసారి మెస్సులో మూడు వందల మందికి పప్పు తాలింపు పెడుతుంటే. మామూలుగా కొట్టుకుంటున్నదల్లా ఎవరో స్విచ్చి వేసినట్టు నిమిషానికి నూట తొంభైకి ఎక్కుతుంది. గొంతులో దడదడ, చేతుల్లో వణుకు, ఒళ్ళంతా చెమట. పది నిమిషాలో అరగంటో ఆడి, మళ్ళీ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆగేది దడ, గుండె కాదు. ఈ ముక్క ఊళ్ళో అందరికీ విడమర్చి చెప్పలేక నా ప్రాణం పోతోంది.

నా పేరు భూదేవి. వయసు యాభై రెండు. యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వంట నాదే, పెత్తనమూ నాదే. ఇల్లు క్యాంపస్ గోడకు ఆనుకునే, మాణికేశ్వర్ నగర్‌లో. మా ఆయన పరుశురాం ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై మూడేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. బాగుచేయడానికి బస్సులు లేకపోయేసరికి నా మీద పడ్డాడు.

దడ మొదటిసారి వచ్చిన రోజే ఆయన ఒక పొడుగాటి నోటుబుక్కు కొనుక్కొచ్చి స్కేలు పెట్టి గీతలు గీశాడు. గ్యారేజీలో బ్రేక్‌డౌన్ రిజిస్టర్ ఎలా ఉండేదో అచ్చం అలాగే. తేదీ, చోటు, కంప్లైంట్, ఏం చేసినం, చేసింది ఎవరు, చివర్న సర్వీసుకు ఆలస్యం, అంటే బండి మళ్ళీ రోడ్డెక్కడానికి ఎంతసేపు పట్టిందో. మొదటి వరసలో ఏం రాశాడో చూడండి: 'తార్నాక చౌరస్తా. ఇంజన్ ఓవర్‌స్పీడ్. ఏం చెయ్యలేదు, దానంతట అదే తగ్గింది. ఆలస్యం ఇరవై అయిదు నిమిషాలు.' కట్టుకున్న పెళ్ళాన్ని బండి కింద జమ కడతావా అని ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం రాయడం మానలేదు. పద్నాలుగు నెలల్లో పదకొండు వరసలు నిండాయి.

తార్నాకలో డాక్టర్ జ్యోతిర్మయి గారికి చూపించుకుంటున్నాను. ఈసీజీ తీసింది, ఎకో తీసింది, గుండె గట్టిదేనని చెప్పింది. కాకపోతే లోపల కరెంటు నడిచే దారికి పుట్టుకతోనే ఒక అడ్డదారి ఉందట. అప్పుడప్పుడు కరెంటు ఆ అడ్డదారిలో పడి గిరగిరా తిరుగుతుందట. తొడ దగ్గరి నరంలోంచి సన్నటి తీగ పంపి ఆ దారిని మాడ్చేస్తే పీడా పోతుందని, ఫిబ్రవరిలో డేటు ఇచ్చింది. అంతవరకు దడ వస్తే ఏం చేయాలో నేర్పింది. సగం కూర్చుని, సూది లేని సిరంజి గొట్టంలోకి పదిహేను సెకన్లు గట్టిగా ఊదాలి. ఊదడం అవగానే వెల్లకిలా పడుకోవాలి, ఆ క్షణంలోనే ఇంకొకరు రెండు కాళ్ళూ పైకెత్తి పట్టుకోవాలి. కుదిరితే దడ అక్కడికక్కడే తెగిపోతుంది.

చిక్కంతా ఆ ఇంకొకరితోనే. మా ఇంట్లో ఆ ఇంకొకరు మా ఆయన. బస్సు ఇంజన్ మొత్తం విప్పి మళ్ళీ బిగించగల మనిషి, నా మొహం పాలిపోవడం చూస్తే చాలు, చేతులు ఆడవు. ఒకసారి నేను ఊదకముందే కాళ్ళు ఎత్తేశాడు. ఒకసారి సిరంజి నా చేతికివ్వడం మరిచి, తన గుప్పిట్లోనే పెట్టుకుని ఆటో కోసం వీధి చివరికి పరుగెత్తాడు. రిజిస్టర్లో 'చేసింది ఎవరు' అన్న గడిలో ఒక్కసారీ ఆయన పేరు పడలేదు.

ఇలా ఉండగా డిసెంబర్లో గ్వాలియర్ వచ్చిపడింది. మా యూనివర్సిటీ అమ్మాయిల ఖోఖో జట్టు ఆలిండియా పోటీలకు ఎంపికైంది. జట్టు వెంట ఒక ఆడమనిషి ఉండి తీరాలి. కోచ్ మేడం కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో కూర్చుంది. స్పోర్ట్స్ ఆఫీసులో సుందరరావు సారు హాస్టల్ స్టాఫ్‌లో ఎవరైనా వస్తారా అని అడిగితే, పదిహేను మంది పిల్లలూ ఒక్క గొంతుతో నా పేరు చెప్పారట. ఆయన కబురు పంపిన మనిషి మాట పూర్తికాకముందే వస్తానన్నాను. ఎందుకన్నానో కూడా చెబుతాను. ఎనిమిదో క్లాసులో నేనూ ఖోఖో ఆడాను. జిల్లా జట్టులో పేరు వచ్చింది. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక నాయిన వచ్చాడు. పత్తి ఏరే రోజులు, చేలో చేతులు తక్కువున్నాయని దింపేశాడు. కండక్టర్ నా సంచిని కిటికీలోంచి అందించాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మర్నాడు ఫారం నింపడానికి స్పోర్ట్స్ ఆఫీసుకు వెళ్ళాను. సంతకం పెట్టబోతుంటే మొదలైంది దడ. సుందరరావు సారు ఎదురుగా, బెంచీ మీద ఇరవై నిమిషాలు కూలబడ్డాను. పాపం, మంచి మనిషి. నీళ్ళు ఇప్పించాడు, ఫ్యాను వేయించాడు. తగ్గాక మాత్రం సంతకం పెట్టని ఫారం నా చేతికిచ్చి, సోమవారం సాయంత్రం అయిదింటికి పేర్లు పంపాలని, ఆలోగా డాక్టర్ చీటీతో వస్తే సరేనని, లేకపోతే ముందే చెబితే ఇంకొకరిని వెతుక్కుంటానని మెల్లగా చెప్పాడు. ఆ రోజు గురువారం.

డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. నిజం చెప్పాలంటే, వద్దంటుందని భయపడుతూ వెళ్ళాను, వద్దంటే బాగుండునని లోపల ఒక మూల ఆశపడుతూ కూడా వెళ్ళాను. ఆమె వద్దనలేదు. వేళకు మాత్ర, వేళకు నిద్ర, మంచినీళ్ళు బాగా తాగడం, మెస్సు టీ రోజుకు ఒక్కటంటే ఒక్కటి. ఈసీజీ కాగితం సంచిలో ఉండాలి. ఊదినా తగ్గక అరగంట దాటినా, కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఇక ఆలోచించకుండా దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పోవాలి. ఇవన్నీ చీటీ మీద రాసిచ్చి, ఆఖరున నన్ను సూటిగా చూసి అంది.

"వెళ్ళొచ్చని చెప్పడం వరకే నా పని. వెళ్ళాలా వద్దా అనేది మీరు తేల్చుకోవాలి."

ఇంటికొచ్చి చీటీ చూపించాను. మా ఆయన అందులో 'పడిపోయినా' అన్న మాట ఒక్కటే చదివాడు. లోపలికి పోయి రిజిస్టర్ తెచ్చి నా ముందు తెరిచాడు.

"పదకొండు బ్రేక్‌డౌన్లు. ఇసొంటి బండిని లాంగ్ రూట్ మీదికి నేను ఇడువ."

నేను బండిని కాదని, నన్ను విడవడానికి ఆయనెవరని, నాయిన ఒకసారి దింపింది చాలదా అని నోటికొచ్చినట్టు అరిచాను. అరవడం అయ్యాక వంటింట్లో కూర్చుంటే అసలు భయం బయటికొచ్చింది. చావు భయం కాదది. సెమీఫైనల్ రోజున నా దిక్కుమాలిన గుండె మొదలుపెడుతుంది. ఇద్దరు పిల్లలు ఆట వదిలి నన్ను మోసుకుని పోతారు. ఏడాదంతా ఎండలో చేసిన ప్రాక్టీసు నా మూలంగా మట్టిలో కలుస్తుంది. పత్తి చేను కోసం నాయిన నా ఆట చెడగొట్టాడు, నేను నా సరదా కోసం వాళ్ళ ఆట చెడగొట్టాలా? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. శనివారం దాకా తిండి సయించలేదు. మూడు వందల మందికి వండి, నేను మాత్రం మజ్జిగ తాగి లేచాను.

శనివారం సాయంత్రం గ్రౌండుకు వెళ్ళాను, రావడం లేదని చెప్పడానికే. పిల్లలు ప్రాక్టీసులో ఉన్నారు. ఖోఖోలో ఎనిమిది మంది ఒక వరసలో, ఒకరు ఇటూ ఒకరు అటూ మొహం పెట్టి గొంతుక్కూర్చుంటారు కదా. తొమ్మిదో అమ్మాయి తరుముతూ వచ్చి ఎవరి వీపు తట్టి 'ఖో' అంటే ఆ అమ్మాయి లేచి పరుగందుకోవాలి. తట్టేవరకు కదలకూడదు. అదే ఆటలోని కిటుకంతా. కెప్టెన్ శైలజ నన్ను చూసి విజిల్ వేసింది. గట్టి పిల్ల, పొద్దున్నే ఆరు చపాతీలు తిని ఏడోదానికి నా వైపు చూసే రకం. ఉన్నదంతా చెప్పాను, నా భయంతో సహా. అయ్యో పెద్దమ్మా అంటుందనుకున్నాను. ఆ పిల్ల వేరే ప్రశ్న అడిగింది.

"దడ వస్తే మొత్తం ఎన్ని పనులున్నయి పెద్దమ్మా? ఎన్ని సెకన్లు పడ్తది?"

లెక్కపెట్టి చెప్పాను. సంచిలోంచి సిరంజి తీసివ్వాలి. దుప్పటి పరవాలి. నేను ఊదుతుంటే పదిహేను లెక్కపెట్టాలి. కాళ్ళు ఎత్తాలి. మొత్తం మీద ఒక నిమిషం. ఆ పిల్ల వెంటనే ఆటలో దిగని ఆరుగుర్ని పక్కకు పిలిచి వరసగా కూర్చోబెట్టింది. ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పజెప్పింది. ఒకరి పని అయ్యాకనే పక్కదాని వీపు తట్టి ఖో ఇవ్వాలి, ఖో అందేదాకా ఎవరూ లేవకూడదు, మీద పడకూడదు. కోర్టులో ఆడుతున్నవాళ్ళు మాత్రం ఏమైనా సరే వెనక్కి తిరిగి చూడకూడదు. ఇది కెప్టెన్ ఆర్డర్ అంది.

మొదటిసారి చేసి చూశాం. సిరంజి వచ్చింది, దుప్పటి వచ్చింది, లెక్క అయింది. నేను వెల్లకిలా పడుకున్నాను. కాళ్ళెత్తాల్సిన పూర్ణిమకు ఖో అందింది. అందగానే ఆ పిల్ల దిగ్గున లేచి, నా కాళ్ళను వదిలేసి, అలవాటుకొద్దీ కోర్టు కొసన ఉండే స్తంభం దాకా పరుగెత్తింది. అక్కడ స్తంభం ముట్టుకున్నాక గుర్తొచ్చింది. నేను కాళ్ళు చాపుకుని ఆకాశం చూస్తూ పడి ఉన్నాను. అందరం పగలబడి నవ్వాం. నవ్వీ నవ్వీ నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. రెండు రోజులుగా దిగమింగిన ఏడుపు కూడా అందులో కొంత ఉంది. ఆ సాయంత్రం ఎనిమిదిసార్లు చేశాం. చివరికి నలభై ఎనిమిది సెకన్లకు వచ్చింది. అయినా ఉత్తుత్తి దడ వేరు, అసలుది వేరని నాకు తెలుసు. వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున మళ్ళీ గ్రౌండుకు వెళ్ళాను. నేను మర్చిపోయిన మాత్ర పట్టుకుని మా ఆయన వెనకే వచ్చాడు. మాత్ర ఇచ్చి ఊరుకోకుండా శైలజను పట్టుకున్నాడు. మీకేం తెలుసు, చదువుకునే పిల్లలు, మనిషి పానంతోని ఆటలా అని మొదలుపెట్టాడు. ఆ పిల్ల తల వంచుకుని వింటోంది. నాకు కోపం నషాళానికెక్కింది. మధ్యలో దూరి నోరు తెరిచానో లేదో, గొంతులో దడ.

అసలుది వచ్చేసింది. కూర్చుండిపోయాను. మా ఆయన నా మొహం చూశాడు, రోడ్డు వైపు తిరిగాడు, ఆటో ఆటో అంటూ రెండడుగులు వేశాడు. ఇంతలో నా వెనక 'ఖో' వినిపించింది. సిరంజి నా చేతిలో ఉంది. ఖో. దుప్పటి నా కింద ఉంది. ఖో. ఒకటి, రెండు, మూడు అని చెవి దగ్గర లెక్క మొదలైంది. బుగ్గలు పగిలేలా ఊదాను. పద్నాలుగు, పదిహేను, ఖో. వెల్లకిలా పడ్డాను. పూర్ణిమ ఈసారి స్తంభం దగ్గరికి పోలేదు. నా రెండు కాళ్ళూ ఎత్తి భుజాన పెట్టుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఛాతీలో ఒక్క పెద్ద దెబ్బ, ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత మామూలు గుండె. నా మామూలు గుండె.

కళ్ళు తెరిచేసరికి నాకు వినిపించింది ఒక్కటే. గ్రౌండు అవతలి కొసన ఆట నడుస్తోంది. కోర్టులో ఉన్నవాళ్ళు ఎవరూ ఆగలేదు, ఒక్కతీ తిరిగి చూడలేదు. విజిల్ పడింది, అవుటైన పిల్ల తిట్టుకుంటూ బయటికొస్తోంది. మూడు రోజులుగా నాకు దొరకని జవాబు అదే. నా గుండె ఆడే ఆట నాది, వాళ్ళ ఆట వాళ్ళది. రెండూ పక్కపక్కనే నడవగలవు. అప్పుడే, ఆ దుప్పటి మీద పడుకునే నిర్ణయించుకున్నాను. పోతున్నాను.

మా ఆయన ఆటో కోసం ఎత్తిన చెయ్యి దించకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. ఎంతసేపు పట్టిందని అడిగాడు. యాభై రెండు సెకన్లని శైలజ చెప్పింది. అప్పుడు ఆయనలోని మెకానిక్ నిద్ర లేచాడు. సిరంజి పగిలితే ఏం చేస్తారని అడిగాడు. రెండోది ఉందని చూపించారు. రైల్లో చోటెక్కడ అన్నాడు. కింది బెర్తు అన్నారు. ఈ ఆరుగురిలో ఒకరికి జ్వరం వస్తే అన్నాడు. అందరికీ అన్ని పనులూ వచ్చు పెద్దనాయినా, కావాలంటే తారుమారు చేసి చూపిస్తాం అన్నారు. చూపించారు కూడా. ఆయన వంగి, చేతులు వెనక కట్టుకుని, ఇంజన్ కింద చూసినట్టు చూశాడు. తర్వాత వచ్చి దుప్పటి అంచు మీద నా పక్కన కూర్చున్నాడు.

"ముప్పై మూడేండ్లల్ల కంప్లైంట్ లేని బండి నాకు ఒక్కటి కనవడలే, భూదేవీ. కంప్లైంట్ ఏందో తెలిసి, దాన్ని చూసుకునేటోళ్ళు ఎంబడి ఉంటే ఇడిచిపెట్టేటోన్ని. నిన్ను ఆపింది నీ గుండె చూసి కాదు. నాకు చేతగాదని తెలిసి ఆపిన."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి నోటి వెంట 'చేతగాదు' అన్న మాట నేను వినలేదు. కోపమంతా ఎక్కడికి పోయిందో. ఆయన చెయ్యి పట్టుకున్నాను. పిల్లలు చూస్తున్నారని కూడా తోచలేదు. సోమవారం పొద్దున్నే, అయిదింటి దాకా ఆగకుండా, ఫారం మీద సంతకం పెట్టి సుందరరావు సారు టేబుల్ మీద పెట్టాను.

సికింద్రాబాద్ స్టేషన్‌కు మా ఆయన కూడా వచ్చాడు. రెండు సిరంజీలు ఉండగా ఇంకో నాలుగు కొనుక్కొచ్చాడు. రైలు కదిలేముందు కిటికీలోంచి రిజిస్టర్ అందించాడు. ఈసారి నువ్వే రాసుకో, తప్పుల్లేకుంట రాయి అన్నాడు. ఎప్పుడో ఒక కిటికీలోంచి నా సంచి బయటికి వచ్చింది. ఇప్పుడు కిటికీలోంచి లోపలికి వచ్చింది ఇది. నేను రిజిస్టర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రైలు కదిలింది, నన్ను ఎవరూ దింపలేదు.

గ్వాలియర్ చలి గురించి ఎంత చెప్పినా తక్కువే. అక్కడి రొట్టెలు మా పిల్లలకు సహించలేదు. నేను పట్టుకుపోయిన చింతకాయ తొక్కు, పల్లీల పొడి మూడో రోజుకే అయిపోయాయి. నా గుండె మాత్రం బుద్ధిగా ఉంది. నాలుగు మ్యాచులు గెలిచాం. అయిదోది ఫైనల్.

ఫైనల్ ఆఖరి ఆటలో మా వాళ్ళు తరుముతున్నారు. ఇంకొక్క అవుటు కావాలి, గడియారంలో రెండు నిమిషాలు కూడా లేవు. నేను కోర్టు పక్కన బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటున్నాను. అదిగో, వచ్చింది. దీనికి సిగ్గు లేదని మొదట్లోనే చెప్పాను. కానీ ఆ రోజు నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. ఇప్పుడా నీకు టైమ్ దొరికింది అని దాన్ని తిట్టి, పక్కనున్న పిల్ల వీపు నేనే తట్టాను.

"ఖో."

కోర్టులో కూర్చున్న ఎనిమిది మందిలో ఒక్కరి తల కూడా తిరగలేదు. బెంచీ వెనక ఆ చల్లటి నేల మీద ఊదాను, పడ్డాను, కాళ్ళు లేచాయి. పూర్ణిమ భుజం మీంచి పైన తెల్లటి ఆకాశం కనిపిస్తోంది. అవతల శైలజ అరుపు, బూట్ల చప్పుడు, జనం గోల. ఛాతీలో ఆ పెద్ద దెబ్బ, ఆ నిశ్శబ్దం, ఆ తర్వాత నా మామూలు గుండె. పూర్ణిమ చెయ్యి అందించింది. నేను లేచి నిలబడేసరికి శైలజ గాల్లోకి దూకి, స్తంభం మలుపులో ఎదుటి జట్టు పిల్ల వీపును వేళ్ళ కొసలతో అందుకుంది. విజిల్ పడింది. గెలిచాం.

పిల్లలు నన్ను కూడా లాక్కుపోయి మధ్యలో వేసి ఎగిరారు. నేనూ ఎగిరాను, డాక్టర్‌కు చెప్పకండి. ఫిబ్రవరి డేటు అలాగే ఉంది, ఆ పని ఆమె చూసుకుంటుంది. కప్పు పట్టుకుని ఫొటోలు దిగడం అయ్యాక బెంచీ మీద కూర్చుని, మా ఆయన రిజిస్టర్ తీసి, పదమూడో వరసలో నా చేతిరాతతో నింపాను. తేదీ వేశాను. చోటు: గ్వాలియర్, ఫైనల్. కంప్లైంట్: పాతదే. ఏం చేసినం: ఊదినం, కాళ్ళెత్తినం. చేసింది ఎవరు: మా జట్టు. ఇక ఆఖరి గడి మిగిలింది. ఎనిమిదో క్లాసు నుంచి లెక్కేస్తే ఆలస్యం నలభై ఏళ్ళు అవుతుంది. కానీ ఆ పూట నా గుండె మూలంగా ఎవరి ఆటా ఒక్క క్షణం ఆగలేదు. అందుకని పెద్ద అక్షరాలతో రాశాను.

సర్వీసుకు ఆలస్యం: లేదు.